శీనూ, సిక్కుల గురించి నువ్వడిగినదానికి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు రా? అమ్మగారికి మోకాలు నొప్పి తగ్గిందా? చెల్లెమ్మ ట్రాన్స్‌ఫర్ సంగతి ఏమైందో కూడా చెప్పలేదు నువ్వు, ఈసారి తప్పకుండా రాయి.

మొన్న ఫోన్లో అడిగావు కదా, సిక్కులు కూడా మనవాళ్ళేగా, మరి ఎప్పుడు చూడు మేం వేరు మేం వేరు అంటారెందుకు అని. ఆ బస్సు గోలలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశా గానీ తృప్తిగా లేదు, అప్పట్నుంచీ ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతానే ఉంది. నువ్వు మంచి మనసుతోనే అడిగావని నాకు తెలుసు, కలుపుకుపోదాం అనే ఉద్దేశమే నీది. కానీ ఆ కలుపుకోవడంలోనే ఉంది రా అసలు పేచీ. అందుకే కూర్చుని రాస్తున్నా, పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

నేనెప్పుడూ క్రిటికల్ థియరీ క్రిటికల్ థియరీ అంటా ఉంటాను కదా, అందులో బ్రహ్మవిద్య ఏం లేదు. "ఇది ఎప్పట్నుంచో ఇలాగే ఉంది" అని ఎవరన్నా అంటే, ఎప్పట్నుంచి, ఎవరు చేశారు, ఇలా ఉంటే ఎవరికి లాభం అని అడగటమే. 1930ల్లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళు మొదలుపెట్టారు, తర్వాత ఫూకో లాంటి ఫ్రెంచివాళ్ళు వచ్చి ప్రభుత్వం మనుషుల్ని లెక్క రాసుకునే పద్ధతే ఆ మనుషుల్ని ఒక ఆకారంలోకి తెస్తుంది అన్నారు. పంజాబ్ చరిత్ర చదువుతుంటే నాకు ఈ మాట పుస్తకంలో మాటలా కాదు, కళ్ళముందు జరిగినట్టే అనిపించింది.

1849లో ఇంగ్లీషువాళ్ళు పంజాబ్‌ని కలిపేసుకున్నారు. అప్పటికి అక్కడి పల్లెల్లో ఒకే ఇంట్లో పెద్దకొడుకు అమృత్ (సిక్కు దీక్ష) తీసుకుని కేశాలు పెంచి సింగ్ అయ్యేవాడు, తమ్ముడు జుట్టు కత్తిరించుకుంటూనే గురువాణి (సిక్కు గురువుల కీర్తనలు) వినేవాడు, తల్లి సఖీ సర్వర్ దర్గాకి మొక్కుకునేది. మధ్యలో గీత గీయాల్సిన పని ఎవరికీ పడలేదు. తర్వాత సెన్సస్ వచ్చింది, ఒక మనిషికి ఒకటే గడి అంది. సైన్యం వచ్చింది, సిక్కు రెజిమెంట్‌లో చేరాలంటే అమృత్ తీసుకోవాలి కేశాలు ఉంచాలి అంది, పల్టన్‌లోనే గ్రంథీని (గ్రంథం చదివే పూజారిని) పెట్టి మరీ చూసుకుంది. ఉద్యోగం, పెన్షన్, కాలవల కింద కొత్తగా సాగులోకి తెచ్చిన భూమి, ఇవన్నీ సైన్యంతో ముడిపడినవే. పంజాబ్‌లో 1881 లెక్కల్లో సుమారు 17 లక్షలుగా ఉన్న సిక్కులు 1931కి 40 లక్షలు దాటారు. ఇది పిల్లలు పుట్టడం వల్ల మాత్రమే పెరిగిన లెక్క కాదు, మనుషులు గడి మారారు.

అలాగని అంతా తెల్లోడే చేశాడు అంటే నేనొప్పుకోను. 1873లో అమృత్‌సర్‌లో, 1879లో లాహోర్‌లో సింగ్ సభలనే సిక్కు సంస్కరణ సంఘాలు పుట్టాయంటే మిషన్ స్కూళ్ళల్లో పిల్లలు క్రైస్తవంలోకి వెళ్ళిపోతారన్న భయం ఒకటి, ఇంకోపక్క ఆర్యసమాజ్ వాళ్ళ ఒత్తిడి ఒకటి. 1898లో నాభా సంస్థానం నుంచి కాహన్ సింగ్ "మేం హిందువులం కాదు" అని ఒక చిన్న పుస్తకమే రాశాడు. రెండేళ్ళకి, 1900లో లాహోర్‌లో రహతియాలని ఒక కింది కులం సిక్కుల్ని ఆర్యసమాజ్ వాళ్ళు శుద్ధి (హిందువుల్లో చేర్చుకోవడం) పేరుతో నలుగురి ముందు కూర్చోబెట్టి కేశాలు తీయించారు. ఆ దృశ్యం ఊహించుకో ఒకసారి. కింది కులం వాడిని పై కులాల వాళ్ళతో సమానంగా చేస్తాం అంటూ, దానికి వాడి తలమీద జుట్టు అడిగారు. సాటి సిక్కుల దగ్గర ఆ సమానత్వం దొరికి ఉంటే వాళ్ళు అక్కడిదాకా వెళ్ళేవాళ్ళే కాదు, అది వేరే బాధ, దాని దగ్గరికి తర్వాత వస్తా. 1905లో దర్బార్ సాహిబ్ (అమృత్‌సర్ స్వర్ణదేవాలయం) పరిక్రమలో ఉన్న విగ్రహాలు తీసేశారు, 1909లో ఆనంద్ అనే సిక్కు పద్ధతి పెళ్ళికి చట్టం తెచ్చుకున్నారు. అలా గీత గట్టిపడింది.

ఇక్కడే చాలామంది మేధావులు ఆగిపోతారు, నాకు కోపం వచ్చేదీ ఇక్కడే. "చూశారా, సిక్కు ఐడెంటిటీ వందేళ్ళ కిందట కట్టింది, అందుకని అది నిజం కాదు, మూలంలో అంతా హిందువులే" అంటారు. ఒరేయ్, అదే యాభై ఏళ్ళల్లో, అదే సెన్సస్ గడుల్లోనే కదా హిందూ అనే ఐడెంటిటీ కూడా ఇప్పుడున్న ఆకారంలోకి వచ్చింది! ఒక వీధిలో ఇళ్ళన్నీ ఆ పదేళ్ళలోనే లేచాయి, కానీ మున్సిపాలిటీ వాడొచ్చి ఒక్క ఇంటివాడినే ప్లాన్ అప్రూవల్ చూపించు అన్నట్టుంది వీళ్ళ పద్ధతి. విప్పి చూస్తే అందరిదీ విప్పి చూడాలి, పెద్దవాడిది గాలికొదిలేసి చిన్నవాడిది మాత్రం విప్పితే అది విమర్శ కాదు, పెద్దవాడికి చేసే కూలి పని. 2011 లెక్కల ప్రకారం దేశంలో సిక్కులు 1.7 శాతం రా. "మీరు మాలో భాగమే" అనే మాట 80 శాతం వాడి నోట్లోంచి వచ్చినప్పుడు 1.7 శాతం వాడికి అది ప్రేమగా వినపడదు.

రాజ్యాంగం కూడా చూడు. ఆర్టికల్ 25లో కృపాణం ధరించడం సిక్కు మత హక్కు అని ఒక వివరణ ఉంటుంది, దాని కిందే ఇంకో వివరణ, హిందువులు అన్నచోట సిక్కుల్ని, జైనుల్ని, బౌద్ధుల్ని కూడా కలిపి చదువుకోవాలని. ఒకే ఆర్టికల్లో వేరని ఒప్పుకుని, వెంటనే కలిపేశారు. 1984 ఫిబ్రవరిలో సిక్కుల పార్టీ అకాలీదళ్ వాళ్ళు ఈ రెండో వివరణ కాగితాన్నే నడివీధిలో తగలబెట్టి జైలుకి వెళ్ళారు.

సరే, ఇప్పుడు నీకు మన సంగతితో కలిపి ఒకటి చెప్తా, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న పోయారు, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మనం చిన్నప్పట్నుంచీ స్కూల్లో చదువుకున్నదే. ఆ రోజుల్లోనే పంజాబీ మాట్లాడేవాళ్ళు కూడా మాకూ భాషా రాష్ట్రం ఇవ్వండి, పంజాబీ సూబా కావాలి అన్నారు. తెలుగువాడు అడిగితే అది భాష, సిక్కు అడిగితే అది మతం అయిపోయింది! 1955లో అమృత్‌సర్‌లో "పంజాబీ సూబా జిందాబాద్" అనే నినాదాన్నే నిషేధించారు, నినాదం చేసినందుకు వేలమంది జైలుకి పోయారు, జూలైలో పోలీసులు దర్బార్ సాహిబ్ ఆవరణలోకే వెళ్ళారు. రాష్ట్రాల పునర్విభజన కమిషన్ కూడా కాదంది. జనాభా లెక్కలప్పుడు పంజాబీ మాట్లాడే హిందువుల్లో ఎంతోమంది, ఇంట్లో అమ్మతో పంజాబీలోనే మాట్లాడుతూ, మాతృభాష హిందీ అని రాయించారు, అలా రాయించమని పెద్ద ప్రచారమే జరిగింది. భాష కూడా మతం గడిలోకి వెళ్ళిపోయింది. చివరికి పంజాబ్ ఎప్పుడు వచ్చిందో తెలుసా, 1966 నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ వచ్చిన పదేళ్ళకి సరిగ్గా అదే తారీఖున. మద్రాసు లేకుండా మనకి ఇచ్చినట్టే చండీగఢ్ లేకుండా వాళ్ళకి ఇచ్చారు. చండీగఢ్ కోసం దర్శన్ సింగ్ ఫేరుమాన్ అని ఒకాయన 1969లో 74 రోజులు తిండి మానేసి చచ్చిపోయాడు రా. మన శ్రీరాములు గారి పేరు దేశమంతా పాఠాల్లో ఉంది, ఆయన పేరు పంజాబ్ దాటితే వినపడదు.

1973లో అకాలీదళ్ చేసిన ఆనంద్‌పూర్ సాహిబ్ తీర్మానం సంగతీ అంతే. రక్షణ, విదేశాంగం, కరెన్సీ, కమ్యూనికేషన్లు కేంద్రం ఉంచుకుని మిగతావి రాష్ట్రాలకి ఇవ్వాలి అన్నదే దాంట్లో ముఖ్యమైన డిమాండ్. దాన్ని వేర్పాటువాదం అన్నారు. మన ఎన్టీఆర్ తెలుగువారి ఆత్మగౌరవం అని 1982లో పార్టీ పెట్టి, 1983లో విజయవాడలో ప్రతిపక్షాల్ని కూర్చోబెట్టి రాష్ట్రాలకి అధికారాలు కావాలి అంటే మనకి ఒళ్ళు పులకరించింది, మీ నాన్నగారు ఇప్పటికీ చెప్తారు కదా. 1984 ఆగస్టులో ఆయన్ని గవర్నర్ దించేస్తే నెలరోజుల్లో మళ్ళీ కుర్చీ ఎక్కించాం. అదే ఏడాది జూన్‌లో అమృత్‌సర్ దర్బార్ సాహిబ్‌లోకి సైన్యం ట్యాంకులు దిగాయి. రెండూ ఒకటే అనటంలేదు నేను, అక్కడ సాయుధ సిక్కు నాయకుడు భింద్రన్‌వాలే ఉన్నాడు, తుపాకులు ఉన్నాయి, బస్సుల్లోంచి హిందువుల్ని దించి కాల్చి చంపిన మిలిటెంట్లు ఉన్నారు, వాళ్ళని నేను ఒక్క మాట కూడా సమర్థించను. కానీ తుపాకీ రాకముందు ముప్ఫై ఏళ్ళు జైలుకెళ్ళి, నిరాహారదీక్షలు చేసి, ఓట్లేసి అడిగినప్పుడు ఏం జవాబు వచ్చిందో కూడా లెక్కలోకి రావాలి కదా.

మతం ఇంట్లో ఉండాలి, రాజకీయం బయట ఉండాలి అనే పద్ధతి యూరప్‌లో చర్చికీ రాజులకీ జరిగిన గొడవల్లోంచి వచ్చింది. సిక్కుల దగ్గర మొదట్నుంచీ లెక్క వేరు. 1606లో జహంగీర్ కాలంలో గురు అర్జన్‌ని చంపాక కొడుకు హర్‌గోబింద్ రెండు కత్తులు కట్టాడు, ఒకటి మీరీ, ఒకటి పీరీ, ఒకటి లోకానికి ఇంకోటి ఆత్మకి. నువ్వు అమృత్‌సర్ వెళ్తే దర్బార్ సాహిబ్ ఎదురుగా ఉండే అకాల్ తఖ్త్ పక్కన చూడు, రెండు నిషాన్ సాహిబ్‌లు (సిక్కు జెండాలు) పక్కపక్కనే జంటగా నిలబడి ఉంటాయి, పీరీది ఇంచుక ఎత్తు. ఆ ఇంచుక ఎత్తు నాకు చాలా నచ్చింది. ఆత్మ రాజకీయాన్ని వదిలేయదు, దానికన్నా కొంచెం పైనుండి చూస్తుంది. ఇలాంటి సంప్రదాయాన్ని తీసుకొచ్చి "నువ్వు మతమా, రాజకీయమా, ఒకటి చెప్పు" అంటే వాళ్ళేం చెప్తారు? ఇంగ్లండ్‌లో 1983లో ఒక స్కూలు పిల్లాడి తలపాగా కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ వీళ్ళొక జాతి కిందికి వస్తారంది, ఫ్రాన్స్‌లో 2004 చట్టం అదే తలపాగాని మత చిహ్నం అని స్కూల్లోంచి తీసేయమంది. ఏ దేశం వాడి గడి వాడిది.

84 నవంబర్‌లో, ఇందిరాగాంధీ హత్య తర్వాత, సిక్కుల్ని ఊచకోత కోసిన సంగతి నీకు తెలుసు, ఢిల్లీలోనే అధికారిక లెక్క 2,733 మంది. దాని తర్వాత పంజాబ్‌లో జరిగింది మాత్రం మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడరు. జస్వంత్ సింగ్ ఖాల్డా అని అమృత్‌సర్‌లో ఒక బ్యాంకు డైరెక్టర్, మాయమైపోయిన తెలిసినవాళ్ళ కోసం వెతుకుతూ శ్మశానాలకి వెళ్ళాడు. అక్కడ ఆయనకి దొరికింది కట్టెల లెక్క. పోలీసులు తెచ్చిన "లావారిస్" (నా అన్నవాళ్ళు లేని) శవాలకి ఎన్ని కట్టెలు కొన్నారు, ఏ తారీఖున, ఎవరు తెచ్చారు, అంతా రిజిస్టర్లలో పద్ధతిగా రాసి ఉంది. మనిషి పేరు రాయలేదు గానీ కట్టెల బిల్లు రాశారు. దాంతోనే ఆయన మొత్తం బయటపెట్టాడు. తర్వాత సీబీఐ లెక్క తేలిస్తే ఒక్క అమృత్‌సర్ జిల్లాలోనే, మూడు శ్మశానాల్లోనే 2,097. ఖాల్డాని 1995 సెప్టెంబర్‌లో ఇంటిముందు నుంచే ఎత్తుకుపోయారు, మళ్ళీ రాలేదు, పదేళ్ళకి పోలీసులకి శిక్ష పడింది. ఎన్‌కౌంటర్ అనే మాట మన తెలంగాణ పల్లెల్లో ఎంత మామూలైపోయిందో, దానిమీద బాలగోపాల్ గారు ఊరూరా తిరిగి ఎట్లా నిజనిర్ధారణ చేశారో నీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరి చావుకి ఏడవాలి, ఎవరిది బిల్లు రాసి వదిలేయాలి అనేది ముందే నిర్ణయమైపోయి ఉంటుంది, ఖాల్డా చేసిన పని ఆ నిర్ణయాన్ని ఒప్పుకోకపోవడం. థియరీ పుస్తకాలు వందసార్లు చదివినా ఆ కట్టెల రిజిస్టర్ చెప్పినంత స్పష్టంగా నాకేదీ చెప్పలేదు.

నాందేడ్ గురించి కూడా చెప్పాలి. ఒకసారి కాచిగూడలో బండెక్కి వెళ్ళా. గురు గోబింద్ సింగ్ 1708లో అక్కడే పోయారు, తర్వాత నిజాం రాజ్యంలోకి వచ్చింది కదా అది, అక్కడి గురుద్వారా బోర్డు చట్టం కూడా 1956లో హైదరాబాద్ అసెంబ్లీ చేసిందే. సాయంత్రం దీపాలతో హారతి ఇస్తారు రా అక్కడ, ఆయుధాలు బయటికి తీసి సంగత్‌కి (చేరిన భక్తులకి) చూపిస్తారు, గురు గ్రంథ్ పక్కన గురు గోబింద్ సింగ్ పేరుతో ఉన్న దసమ్ గ్రంథ్ కూడా ఉంటుంది. 1945లో అమృత్‌సర్ వాళ్ళు ఖాయం చేసిన రహత్ మర్యాద (సిక్కు ఆచార నియమావళి) ప్రకారం దీపాల హారతి కూడదు. మరి వీళ్ళు సిక్కులు కారా? ఖాల్సాలో మొదట దీక్ష తీసుకున్న అయిదుగురు పంజ్ ప్యారేలలో సాహిబ్ సింగ్ బీదర్ నుంచి వచ్చిన మంగలి, ఇంకొకాయన పూరీ జగన్నాథం నుంచి వచ్చిన నీళ్ళు మోసేవాడు. 1830ల్లో పంజాబ్ రాజు రంజిత్ సింగ్ నిజాంకి పంపిన లాహోరీ ఫౌజ్ పిల్లల పిల్లలు మన హైదరాబాద్ అత్తాపూర్ దగ్గర ఇప్పటికీ ఉన్నారు, నాకు తెలిసిన ఒక పెద్దాయన నీకన్నా చక్కటి తెలంగాణ తెలుగు మాట్లాడతాడు, పంజాబ్‌కి చుట్టంచూపుకి మాత్రమే వెళ్ళాడు. సిక్కు అంటే పంజాబీ, పంజాబీ అంటే జాట్ రైతు అనే బొమ్మ ఎంత ఇరుకో వీళ్ళని చూస్తే తెలుస్తుంది. ఆ బొమ్మ ప్రభుత్వమూ గీసింది, పంథ్ (సిక్కు సమాజం) పెద్దలూ గీశారు.

ఇందాక తర్వాత వస్తా అన్నాను కదా, కులం. పంజాబ్‌లో ఎస్సీలు 2011 లెక్కల్లో దాదాపు 32 శాతం, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. లంగర్‌లో (గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనంలో) అందరూ ఒకే పంక్తి, నిజమే, నేను కూర్చుని తిన్నా, ఆ సమానత్వం అబద్ధం కాదు. కానీ ఊళ్ళల్లో దళితులైన మజ్హబీ సిక్కులకి, రవిదాసీలకి వేరే గురుద్వారాలు, వేరే శ్మశానాలు ఉన్నాయి. భూమి జాట్‌ల చేతిలో ఉంది, గురుద్వారా కమిటీ కూడా చాలాచోట్ల వాళ్ళ చేతిలోనే.

1920 అక్టోబర్ 12 సంగతి చెప్తా విను. కొత్తగా అమృత్ తీసుకున్న కింది కులాలవాళ్ళు జలియన్‌వాలా బాగ్‌లో సభ పెట్టుకుని, అక్కడ్నుంచి కడా ప్రసాద్ (హల్వా ప్రసాదం) పట్టుకుని దర్బార్ సాహిబ్‌కి వచ్చారు. పూజారులు తీసుకోం అన్నారు. వాదన జరిగి జరిగి చివరికి గురు గ్రంథ్ సాహిబ్‌నే అడుగుదాం అని తెరిచి, ఆ పేజీలో ఏది వస్తే అది చదివారు. పనికిరాని వాళ్ళని కూడా సద్గురు సేవలో పెట్టి క్షమిస్తాడు అనే అర్థం వచ్చే శబద్ (కీర్తన) వచ్చింది. పూజారులు ప్రసాదం తీసుకోక తప్పలేదు. అక్కడ్నుంచి జనం అకాల్ తఖ్త్‌కి నడిస్తే అక్కడి పూజారులు వదిలేసి పారిపోయారు. గురుద్వారా ఉద్యమం, గురుద్వారాల్ని నడిపే శిరోమణి కమిటీ, అకాలీదళ్, 1925 గురుద్వారాల చట్టం, అన్నిటికీ తలుపు తీసింది ఆ రోజు ప్రసాదం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ దళితులు రా! ఆ చట్టం ఆడవాళ్ళకి మొదట్నుంచీ ఓటు ఇచ్చింది, అది గొప్ప విషయం. కానీ వందేళ్ళయినా దర్బార్ సాహిబ్ లోపల ఆడవాళ్ళు కీర్తన చేయడానికి లేదు, పంజాబ్‌లో దళితుడు ముఖ్యమంత్రి అవడానికి 2021 దాకా ఆగాల్సొచ్చింది. ఈ మాట అనడానికి బయటివాడినని నేను జంకను, ఎందుకంటే వాళ్ళ గ్రంథంలోనే రవిదాస్ ఉన్నాడు, కబీర్ ఉన్నాడు, నామ్‌దేవ్ ఉన్నాడు, చర్మకారుడూ సాలెవాడూ దర్జీ. విమర్శ బయట్నుంచి తేనక్కర్లేదు, పంథ్ లోపలే అచ్చై ఉంది.

ఇప్పుడు నీ దగ్గరకి వస్తా, నువ్వు తహసీల్దార్ ఆఫీసులో రోజూ క్యాస్ట్ సర్టిఫికెట్లు చూస్తావు కాబట్టి అడుగుతున్నా. 1950 ఎస్సీ ఉత్తర్వులో హిందువు అయితేనే ఎస్సీ అన్నారు, పంజాబ్‌లో నాలుగు సిక్కు కులాలకి మాత్రం అప్పుడే మినహాయింపు ఇచ్చారు, 1956లో దళిత సిక్కులందరికీ ఇచ్చారు, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. అంటే మతం మారినా కులం పోదని సిక్కు విషయంలో ఒప్పుకున్న ప్రభుత్వమే, మీ పక్క పేటలో చర్చికి వెళ్ళే మాల మాదిగల విషయంలో పోతుందంటోంది. వాళ్ళు ఫారంలో ఏం రాస్తారు, వీఆర్వో వచ్చి ఎంక్వైరీలో ఏం అడుగుతాడు, ఇంట్లో గోడమీద సిలువ కనపడితే ఏం జరుగుతుంది, పేరు మార్చుకోకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తపడతారు, ఇవన్నీ నాకు వివరంగా రాయి. ఫోన్లో వద్దు, ఉత్తరమే రాయి, నాకు నీ మాటల్లోనే కావాలి. నేను వచ్చే నెలంతా హైదరాబాద్‌లోనే ఉంటా.

చెల్లెమ్మని, అమ్మగారిని అడిగానని చెప్పు.

ఉంటా రా,
నీ రఘు